రక్షకుని ఇంటికి రక్ష ఎవరు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో పఠింపబడిన ఉపన్యాసము)



రజతోత్సవమను శుభసమయమున మరణమును గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. కాని ఇంట పెండ్లి తలపెట్టినపుడు మొదట నాందీముఖమున పితృదేవతలను తలచుట ఆచారము. శుభమునకు మూలమైనవారిని స్మరించుట అశుభము కాదు, అది కృతజ్ఞత. ఈ అరలలోని పుస్తకములు ఇన్ని వర్షాకాలములు తడియక నిలుచుటకు గోడ కట్టిన తాపీపనివాడు ఎంత కారణమో, శ్రావణ భాద్రపదములలో ఏటిగట్టుమీద రాత్రులు మేలుకొన్నవాడును అంతయే కారణము. అట్టివాడు ఒకనాడు తిరిగి ఇంటికి రానిచో వాని భార్యాబిడ్డలకు దిక్కెవ్వరు? నేటి ప్రసంగమునకు ఈ ప్రశ్నయే విషయము.

గోదావరి వరదకాలము ఎరుగనివారు ఈ సభలో ఉండరు. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద సూచన, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. పత్రికలో చదువువానికి ఇవి అంకెలు. గట్టుమీద నిలిచినవానికి ఇవి గడియలు. మొదటి సూచనతో లాంతర్లును, గోనెసంచులును, సరుగుడు కర్రలును గట్టునకు చేరును. రెండవ సూచనతో లంకలవారు పశువులతో, పిల్లలతో మెరకకు వత్తురు. మూడవ సూచన వచ్చిన పిమ్మట గట్టుమీదివాడు నదివైపు చూచుట తగ్గించి, ఊరివైపు వాలును చూచుట ఆరంభించును. ఏలయన గట్టు సాధారణముగ పైనుండి కూలదు. ఎలుకబొరియ వెంటనో, పీతకన్నము వెంటనో నీరు లోలోపల దారి చేసికొని, ఊరివైపు పాదమున చిన్న ఊటయై కనబడును. ఆ ఊట తేటగా ఉన్నంతవరకు భయము తక్కువ. అది మన్నుతో కలిసి కలకబారెనా, గట్టు లోపల కరగుచున్నదని అర్థము. అప్పుడు ఊటచుట్టు ఇసుకబస్తాలను వలయముగ పేర్చి, లోపలి నీటిమట్టమును పెంచి, ప్రవాహవేగమును అణచవలెను. ఈ పని చీకటిలో, వానలో, ఏ క్షణమున కాలిక్రింది నేల జారునో తెలియనిచోట జరుగును.

1953లోను, 1986లోను, 2006లోను, 2022లోను గోదావరి తన బలమును చూపినది. 1986 ఆగస్టు 16వ తేదీన ధవళేశ్వరమువద్ద ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులను మించెను. పెక్కుచోట్ల గండ్లు పడెను. 2022 జూలైలో 25 లక్షలు దాటెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తాకిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. ఇట్టి దినములలో ఊరివారందరు ఒక దిక్కునకు పరుగిడుచుండగా, దానికి ఎదురుదిక్కునకు నడచువారు కొందరు కలరు. వారు లస్కర్లు, రక్షకభటులు, అగ్నిమాపకులు, తలారులు, హోంగార్డులు, విద్యుత్తు తీగలను సరిచేయువారు, పడవ నడుపువారు. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడివద్ద చమురుబావి పేలి, అరువదియైదు దినములు మంటలు ఆకాశమునంటినపుడును ఊళ్లు ఖాళీ అగుచుండగా కొందరు ఆ వేడిమికి ఎదురుగ నిలిచిరి. ఎదురుదిక్కునకు నడచువాని వెనుక ఒక ఇల్లు ఉన్నదను మాట మరువరానిది.

ఈ చింత నేటి ప్రభుత్వములు కనిపెట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఐదవ అధికరణమందు భృత్యభరణీయమను అధ్యాయము కలదు. మంత్రి మొదలు పనివానివరకు ఎవరికెంత జీతమో లెక్క చెప్పిన ఆ మహామేధావి, అచ్చటనే మరియొక నియమమును చేర్చెను. పనిలో ఉండగా మరణించినవాని కొడుకులును భార్యయు వాని భత్యమును వేతనమును పొందవలెను. వాని ఇంటి బాలురను, వృద్ధులను, రోగులను రాజు ఆదుకొనవలెను. ఆ ఇండ్ల చావులకు, జబ్బులకు, పురుళ్లకు ధనసాయము చేయవలెను. ఇచ్చట గమనింపదగిన విశేషము ఒకటి కలదు. ఆయన ఈ మాటను దానధర్మముల ప్రకరణమున చెప్పలేదు. జీతముల ప్రకరణమున చెప్పెను. అనగా అది భిక్ష కాదు, బాకీ. చనిపోయినవాడు చేసిన పనికి ఇంకను తీరని వేతనము.

కోశము చిన్నదైనచో ఏమి చేయవలెను? దానికిని సమాధానము అచ్చటనే కలదు. ధనము చాలని రాజు అడవి సరకులను, పశువులను, పొలములను ఇచ్చి, కొద్దిగ నగదు చేర్చవలెనని కౌటిల్యుడు చెప్పెను. డబ్బు లేదను సాకు ఆయన ఎదుట చెల్లదు.

భారతమున సభాపర్వమందు నారదమహర్షి ధర్మరాజు కొలువునకు వచ్చి, రాజ్యమెట్లు నడచుచున్నదని వరుసగా ప్రశ్నలు వేయును. వానిలో ఒకటి, నీకొరకు మృత్యువు పాలైనవారి భార్యలను నీవు పోషించుచున్నావా యనునది. కోశమును గూర్చి, కోటలను గూర్చి, సేనను గూర్చి అడిగిన నోటనే ఆ ముని దీనిని అడిగెను. ఈ సభాపర్వమును ఆంధ్రీకరించిన నన్నయభట్టారకుడు పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమునందు రాజరాజనరేంద్రుని కొలువులో ఉండెను. గోదావరి ఒడ్డున తెలుగు కావ్యము పుట్టిననాడే రాజును ప్రశ్నించు ముని కూడ ఆ కావ్యమున ప్రవేశించెను.

రామాయణమున జటాయువు కథ ఎల్లరకు తెలిసినదే. కాని దానిని ఈ దృష్టితో చూచినవారు తక్కువ. పంచవటికి పోవు దారిలో రామునితో ఆ పక్షిరాజు, మీరిరువురు లేనపుడు సీతను నేను కాపాడెదనని మాట ఇచ్చెను. అనగా కావలి ఒప్పుకొనెను. ఆ కావలిలోనే రావణుని ఎదిర్చి నేలకూలెను. సీత దక్కలేదు; అయినను పని విఫలమైనదని రాముడు వానిని చులకన చేయలేదు. తండ్రికి చేయునట్లు దహనసంస్కారము చేసి, తమ్మునితో గోదావరికి పోయి, ఈ నదీజలముతోనే తర్పణము విడిచెను. రక్షింపబూనినవాడు రక్షింపలేక మరణించినను ఋణము ఋణమే యని దాని తాత్పర్యము. నేటి కాలమున ఒక కుటుంబపు అర్జీపై విచారణ జరుపు అధికారి, వాడు చేసిన పని ఫలించెనా లేదా యని కాక, వాడు పనిలో ఉండెనా లేదా యని మాత్రమే చూడవలెననుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు.

పురాణముల నుండి నేలమీదికి వత్తము. పశువుల మందలను మరలించుకొని వచ్చుటలోనో, ఊరిని దొంగల నుండి కాపాడుటలోనో మరణించినవారికి నిలిపిన వీరగల్లులు తెలుగునాటను కన్నడనాటను నేటికిని కనబడుచున్నవి. అట్టివారి కుటుంబములకు ఇచ్చిన భూమిని కన్నడ శాసనములు రక్తకొడగె యనియు, తమిళ శాసనములు ఉదిరప్పట్టి యనియు పేర్కొనినవి. తెలుగున రక్తమాన్యమని వాడుక. రక్తమును చిందించినందుకు ఇచ్చిన నేల యని అన్నిటికిని ఒకటే అర్థము. ఈ ఏర్పాటులో ఒక వివేకము కలదు. భూమి ఒక్కమారు చేతికి వచ్చి ఖర్చయిపోవునది కాదు. అది ఏటేట పండును. ధాన్యము ధర పెరిగినచో ఆదాయమును పెరుగును. చంటిబిడ్డ పెరిగి పెద్దవాడగువరకు ఆ నేల వానితోకూడ నిలుచును. మాన్యముల కాలము గడచినది. 1956 నాటి చట్టముతో ఆంధ్ర ప్రాంతపు ఇనాములు రైతువారీ పట్టాలుగ మారినవి. వంశపారంపర్యపు గ్రామోద్యోగములు 1984లో రద్దయినవి. అవి పోవుట న్యాయమే. కాని మాన్యము చేసిన ఒక మంచిపని, అనగా ఏటేట ధరలతోపాటు పెరుగు భరణము, దాని స్థానమున వచ్చిన ఏర్పాటులలో ఉన్నదా యని పరిశీలింపవలసియున్నది.

ఆంగ్లేయుల ప్రభుత్వమున 1855లో ప్రాణాంతక ప్రమాదముల చట్టము వచ్చినది. ఇతరుల తప్పువలన ఒకడు మరణించినచో వాని కుటుంబము న్యాయస్థానమున దావా వేయవచ్చునని అది చెప్పినది. మూడేండ్లకు, 1858లో, మద్రాసు రాజధానికి మరియొక చట్టము చేయబడినది. చెరువులకు నదులకు గండిపడు ప్రమాదము వచ్చినపుడు, పని చేయగల గ్రామస్థులను పిలిచి పనిచేయింపవచ్చునని దాని సారము. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట ఈ డెల్టాకు నీరును వచ్చినది, గట్టు బాధ్యతయు వచ్చినది. పిలిచిన పనికి కూలి ఎంతయను మాట ఆ చట్టము చెప్పినది. పిలిచిన చోట మరణించినవాని ఇంటికి ఏమి యను ప్రశ్న మాత్రము చాలకాలము నిలిచిపోయినది.

తప్పు ఎవరిదని విచారింపక, పనిలో ప్రమాదము జరిగినదన్న పరిహారము ఇచ్చి తీరవలెనను సూత్రము జర్మనీలో 1884లోను, ఇంగ్లాండులో 1897లోను చట్టమైనది. భారతదేశమున అది 1923లో పనివారల నష్టపరిహార చట్టముగ వచ్చినది. అగ్నిమాపక దళములలో పనిచేయువారిని ఆ చట్టపు అనుబంధము పేర్కొనినది. ఆ చట్టములోని ముఖ్యసూత్రములు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరి, ఆ స్మృతి 2025 నవంబరు 21వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. లెక్క ఇట్లుండును. మృతుని నెలజీతములో సగమును తీసికొని, వాని వయస్సును బట్టి పట్టికలో ఉన్న గుణకముతో హెచ్చింపవలెను. నలువదియేండ్లవానికి గుణకము 184.17. వాని నెలజీతము 12,000 రూపాయలైనచో సగము 6,000, దానిని 184.17తో హెచ్చింపగా 11,05,020 రూపాయలు. ముప్పదియేండ్లవానికి గుణకము 207.98 గనుక అదే జీతమునకు 12,47,880 రూపాయలు. చిన్నవాడు మరణించినచో కుటుంబము ఎక్కువకాలము కోలుపోవును గనుక గుణకము ఎక్కువ. ఈ లెక్క ప్రతి కూలివాని భార్యకును తెలియవలెను. తెలియని ఇంట ఎవరో వచ్చి ఏబదివేలు చేతబెట్టి కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొని పోవుటకు అవకాశము కలదు.

ఆ అవకాశమును అరికట్టుటకే చట్టము ఒక కట్టుబాటు పెట్టినది. మరణ పరిహారమును యజమాని నేరుగా కుటుంబమునకు ఇచ్చి చేతులు దులుపుకొనరాదు. నియమింపబడిన అధికారివద్ద జమకట్టవలెను. ఆ అధికారి విచారించి, భార్యకు ఎంత, బిడ్డలకు ఎంత, ఆధారపడిన తల్లిదండ్రులకు ఎంత యని పంచిపెట్టును. మైనరు భాగమును వాని మేలుకొరకు నిలువచేయింపవచ్చును. ఈ ధనమును అప్పులవారు జప్తు చేయుటకు వీలులేదు. నెలలోపల చెల్లింపనిచో నూటికి 12 వంతున వడ్డీయు, తగిన కారణము లేనిచో సగమువరకు జరిమానాయు పడును. గుత్తేదారు పెట్టిన కూలివాడైనను, పని ఎవరిదో ఆ ప్రధాన యజమాని మొదట చెల్లించి, పిదప గుత్తేదారువద్ద రాబట్టుకొనవలెను. మావాడు కాడు, గుత్తేదారు మనిషి యను మాట చట్టము ఎదుట నిలువదు.

ఇక ప్రభుత్వోద్యోగులగు రక్షకుల సంగతి. 1959 అక్టోబరు 21వ తేదీన లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద కేంద్ర రిజర్వు పోలీసు దళమువారు పదిమంది చైనా సేనల కాల్పులలో నేలకొరగిరి. ఏటేట ఆ దినమున దేశమంతట పోలీసు అమరవీరుల సంస్మరణము జరుగుచున్నది. 1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అను నౌక పేలినపుడు మంటలనార్ప వచ్చిన అగ్నిమాపకులలో 66 మంది బలియైరి. ఆ దినము అగ్నిమాపక సేవాదినమైనది. 2008 జూన్ 29వ తేదీన బలిమెల జలాశయమున పడవపై జరిగిన దాడిలో 38 మంది మరణించిరి; వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ దళమువారు. పడవ దిగక ముందే నీట మునిగిన ఆ యువకుల ఇండ్లు తెలుగు జిల్లాలలో ఉన్నవి.

ఇట్టివారికి ఏర్పడిన భరణము అంతస్తులుగా ఉన్నది. కేంద్రోద్యోగుల విషయమున మరణమును ఐదు తరగతులుగ విభజించిరి. ఉద్యోగముతో సంబంధములేని మరణము మొదటిది. ఉద్యోగ పరిస్థితుల వలన కలిగిన రోగము రెండవది. విధినిర్వహణలో ప్రమాదము మూడవది. తీవ్రవాదుల హింస మొదలైనవి నాల్గవది. యుద్ధమును సరిహద్దు పోరును ఐదవది. రెండవ మూడవ తరగతులవారి భార్యకు జీతములో నూటికి 60 వంతులు పింఛను. నాల్గవ ఐదవ తరగతులకు చివరి జీతమంతయు పింఛను. ఇదిగాక 2016 జనవరి 1 నుండి ఒక్కమారు ఇచ్చు మొత్తము, విధిలో ప్రమాదమునకు 25 లక్షలు, సరిహద్దు ఘర్షణలకు 35 లక్షలు, శత్రుయుద్ధమునకు 45 లక్షలుగ ఏర్పడినది. రాష్ట్రప్రభుత్వముల నియమములు వేరుగ ఉన్నవి. ఆంధ్రప్రదేశమున మరణించిన ఉద్యోగి ఇంటిలో ఒకరికి ఉద్యోగమిచ్చు కారుణ్య నియామక పద్ధతి 1977లో స్థిరపడినది. అది వారసత్వపు హక్కు కాదనియు, హఠాత్తుగ వచ్చిన కష్టమును దాటించుటకే యనియు సుప్రీంకోర్టు 1994లో తేల్చెను. కనుక ఆ అర్జీని ఏండ్లతరబడి దాచియుంచిన కుటుంబము దానిని కోలుపోవును.

ఇంతవరకు విన్నవారికి అంతయు చక్కగనే ఉన్నదని తోచును. ఇప్పుడు ఒక గండిని ఊహింపుడు. అర్ధరాత్రి ఒకేచోట గట్టు తెగినది. నలుగురు కొట్టుకొనిపోయిరి. ఒకడు నీటిపారుదల శాఖ ఉద్యోగి. ఒకడు గుత్తేదారు కూలి. ఒకడు హోంగార్డు. ఒకడు తనంతట తాను బస్తా మోయవచ్చిన ఊరి కుర్రవాడు. ఆ నలుగురిని తీసికొనిపోయిన నీరు ఒక్కటే. కాని తెల్లవారిన పిమ్మట వారి ఇండ్ల ముందు నాలుగు వేరు వేరు లెక్కలు నిలుచును. మొదటి ఇంటికి పింఛను, ఉద్యోగావకాశము. రెండవ ఇంటికి పైన చెప్పిన గుణకపు లెక్క. మూడవవాడు దినభత్యముమీద పనిచేసినవాడు. ఉద్యోగికి వలె పింఛను వాని ఇంటికి లేదు. నాల్గవవానికి యజమానియే లేడు.

ఆ నాల్గవవానిని శాసనము పూర్తిగ మరువలేదు. ప్రకృతి వైపరీత్యములలో మరణించినవారి కుటుంబమునకు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుండి 2015 మొదలుకొని 4 లక్షల రూపాయలు ఇచ్చుట నియమము. 2022-26 కాలపు నియమములలోను అది నిలిచినది. సహాయకార్యములలో పాల్గొనుచు మరణించినవారికిని, ముందుజాగ్రత్త పనులలో ఉండి మరణించినవారికిని అది వర్తించునని ఆ నియమములోనే స్పష్టముగ ఉన్నది; మరణకారణమును అధికారి ధ్రువీకరింపవలెను. అయినను నిద్రలో ఇల్లు కూలి మరణించినవానికిని, ఇల్లు విడిచి ఊరికొరకు గట్టెక్కి మరణించినవానికిని మొత్తము ఒక్కటే. మొదటివాని కుటుంబమునకు ఇచ్చునది ఎక్కువయని ఎవ్వరు అనరు. రెండవవాని కుటుంబమునకు ఊరు ఇంకను బాకీపడియున్నదని మాత్రము చెప్పక తప్పదు.

ఈ తారతమ్యము తొలగింపరానిదా? కాదని ప్రభుత్వమే ఒకమారు నిరూపించినది. 2020 మార్చి 30 నుండి, కరోనా మహమ్మారి కాలమున, రోగులకు సేవచేయుచు మరణించినవారి కుటుంబములకు 50 లక్షల రూపాయల బీమా ఏర్పరచిరి. అందు శాశ్వతోద్యోగి, ఒప్పందపు ఉద్యోగి, దినకూలి, ప్రైవేటు ఆసుపత్రివాడు, స్వచ్ఛంద సేవకుడు అను భేదము లేకుండ, పనికి పిలువబడినవారందరిని చేర్చిరి. ఆ ఏర్పాటు ఆ కాలముతో ముగిసినది. కాని అపాయమును బట్టి భరణము, నియామక పత్రమును బట్టి కాదు అను సూత్రము ఒకమారు అమలైనది. ఒకమారు అమలైనది మరల అమలు కాగలదు. మురుగుకాలువలలో దిగి మరణించినవారి కుటుంబములకు 10 లక్షలు ఇవ్వవలెనని 2014లో సుప్రీంకోర్టు చెప్పెను. 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచెను. ఊరి ఆరోగ్యమును కాపాడువాడును రక్షకుడేయని అందలి భావము.

ఇతర దేశముల సంగతి కొంచెము చూతము. అమెరికాలో 1976 సెప్టెంబరులో ప్రజారక్షకుల మరణ భరణ చట్టము వచ్చెను. మొదట 50 వేల డాలర్లు. జీతము తీసికొనువాడైనను, జీతములేక ఊరి అగ్నిమాపక దళమున సేవచేయువాడైనను ఆ మొత్తము ఒక్కటే. 1988లో లక్షకు, 2001లో రెండున్నర లక్షలకు పెంచి, ధరలు పెరిగినకొలది ఏటేట ఆ మొత్తమును పెంచు ఏర్పాటు చేసిరి. పూర్వపు రక్తమాన్యము చేసిన పనిని అచ్చటి వారు లెక్కల ద్వారా సాధించిరనవచ్చును. ఇచ్చట 1923 నాటి చట్టము క్రింద కనీస పరిహారమును 2010లో 1,20,000 రూపాయలుగ నిర్ణయించిరి. నాటి బియ్యపు ధరను తరువాతి ధరతో పోల్చి చూచుకొన్నచో, కదలని అంకె ఎట్లు కరగిపోవునో గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రాణమునకు వెలకట్టుట తగునా యని కొందరు సాత్వికులు అడుగుదురు. ఈ ధనము ప్రాణమునకు వెల కాదు. ప్రాణమునకు వెల లేదు గనుకనే, ఆ ప్రాణముమీద ఆధారపడిన అన్నమునకు, చదువునకు, మందునకు లెక్కకట్టుచున్నారు. శాలువ, పూలదండ, తుపాకుల వందనము ఇవన్నియు తగినవే. కాని పదునొకండవ దినము తరువాత ఇంట పొయ్యి వెలుగవలెను.

భరణము రాకపోవుటకు పెక్కుసారులు కారణము చట్టము లేకపోవుట కాదు, కాగితము లేకపోవుట. గట్టుమీద ఉన్నవాని పేరు మస్టరులో లేనిచో, వాడు పనిలో మరణించెనా, చూడవచ్చి జారిపడెనా యను సందేహము పుట్టును. సందేహము పుట్టినచోట దస్త్రము ఆగును. దస్త్రము ఆగినచోట ఒక విధవరాలు ఆఫీసు వరండాలో కూర్చుండును. శవము దొరకనిచో కష్టము రెండింతలు. ఏడేండ్లు కనబడనివానిని మరణించినట్లు భావించుట సాక్ష్యచట్టపు సాధారణ నియమము. గోదావరి సముద్రమునకు మోసికొనిపోయినవాని ఇల్లు ఏడేండ్లు ఎట్లు వేచియుండగలదు? 2013లో ఉత్తరాఖండ వరదల పిమ్మట, 2021లో చమోలీ ఉపద్రవము పిమ్మట, విచారణ జరిపి, గల్లంతైనవారికి ముందే మరణపత్రములు ఇచ్చు ప్రత్యేకపద్ధతి అవలంబించిరి. కనుక మార్గము లేకపోలేదు. కాని ఆ మార్గమునకును మొదటిమెట్టు ఒక్కటే: వాడు ఆ రాత్రి అచ్చట ఉండెనని చెప్పు వ్రాత.

కావున ప్రతి గ్రామమునందు వరదకావలి పుస్తకము ఒకటి ఉండవలెను. మొదటి ప్రమాద సూచన వెలువడిన గడియనుండి గట్టుమీదికి పోవు ప్రతివాని పేరు, తండ్రిపేరు, వయస్సు, ఎవరు పిలిచిరి, గట్టులో ఏ మైలురాయివద్ద, ఏ గంటకు, ఎవరితో కూడ అను వివరములు అందు ఎక్కవలెను. ఉద్యోగి, కూలి, హోంగార్డు, ఊరి కుర్రవాడు అను భేదము లేకుండ ఒకే పుటలో ఒకే వరుసలో వ్రాయవలెను. దిగివచ్చినవాని ఎదుట దిగివచ్చిన గంట వ్రాయవలెను. ఎవని ఎదుట ఆ గడి ఖాళీగ నిలిచినదో వానికొరకు ఆ క్షణమే వెదకుట ఆరంభింపవచ్చును. ప్రాణము దక్కింపుటకును ఆ పుస్తకమే సాధనము. ప్రాణము దక్కనిచో ఇల్లు దక్కింపుటకును అదియే సాధనము. దీనికి చట్టము అక్కరలేదు, నిధులు అక్కరలేదు. ఒక బైండు పుస్తకము, ఒక కలము, సత్యము వ్రాయు చేయి చాలును.

దుర్ఘటన జరిగిన ఇంటివారు చేయవలసిన పనులును ఊరిలో నలుగురికి తెలియవలెను. వెంటనే పోలీసు ఠాణాలో ఫిర్యాదు నమోదు చేయించి దాని నకలు తీసికొనవలెను. శవపరీక్ష జరిపింపకుండ తొందరపడి దహనము చేయరాదు. మరణపత్రమును, కుటుంబసభ్యుల ధ్రువపత్రమును పొందవలెను. పరిహారపు అర్జీని రెండేండ్ల గడువు దాటనీయరాదు. కారుణ్య నియామకమునకు గడువు అంతకంటె తక్కువ, ఏడాదిలోపల అడుగవలెను. ఖాళీ కాగితముమీద సంతకము గాని వ్రేలిముద్ర గాని ఎంతటి ఆప్తుడు అడిగినను వేయరాదు.

గ్రంథాలయమునకు ఇందులో పని ఏమి యని అడుగవచ్చును. పని అంతయు గ్రంథాలయమునదే. చదువురానివానికి చదివి వినిపించుట గ్రంథాలయోద్యమపు తొలినాటి వ్రతము. ఆ కాలమున పత్రిక చదివి వినిపించిరి. ఈ కాలమున ప్రభుత్వపు ఉత్తరువును చదివి వినిపింపవలసియున్నది. ఈ రజతోత్సవ జ్ఞాపకముగ ఒక అరను వేరుచేసి, అందు పరిహార చట్టము ప్రతిని, విపత్తు నిధి నియమములను, గుణకముల పట్టికను, అర్జీ నమూనాలను ఉంచినచో, ఏ వరదరాత్రి తరువాతనో తలుపు తట్టిన ఒక తల్లికి ఆ అర మహాభారతమంత విలువైనది కాగలదు. వరదకావలి పుస్తకము నిండిన పిమ్మట దానిని భద్రపరచుటకును ఇంతకంటె మంచి తావు లేదు.

నీకొరకు మరణించినవారి భార్యలను పోషించుచున్నావా యని నారదుడు అడిగిన ప్రశ్న నాడు ఒక రాజునకు. ఈనాడు రాజులు లేరు, ప్రజలే ప్రభువులు. కనుక ఆ ప్రశ్న నేడు గట్టునకు ఇవతల నిద్రించు ప్రతి ఇంటి గుమ్మమువద్ద నిలిచియున్నది. రామలక్ష్మణులు జటాయువునకు తర్పణము విడిచిన ఈ నది, సభాసదులారా, ప్రతి శ్రావణమున వచ్చుచునే యుండును. అది వచ్చులోపల సమాధానము సిద్ధపరచుకొనుట గ్రామధర్మము.

స్వస్తి.